నూరుల్లా టైముకొస్తాండాడు

ప్రొద్దుటూరులో పెన్న వైపున్న పేటలో ఒక చిన్న పోస్టాఫీసు ఉండేది. దానికి జగన్నాథం పోస్టుమాస్టరు. ఆయన కింద ఇద్దరు పోస్టుమేన్లు, ఒక గోడగడియారం. ఈ ముగ్గురిలో ఆయన మాట వినేది గడియారం ఒక్కటే.

పోస్టుమేన్లలో గఫూర్ పెద్దవాడు. మోకాళ్ల నొప్పులు కాబట్టి లేటు. రెండోవాడు నూరుల్లా. ముప్పై అయిదేళ్లుంటాయి. మోకాళ్లు బాగానే ఉన్నాయి, చిక్కంతా నోటితోనే. పొద్దున తొమ్మిదికి సంచి తగిలించుకుని బయలుదేరినవాడు పదకొండున్నరకు తిరిగి రావాలని రూలు. రెండు దాటినా జాడ ఉండదు. ఏ అరుగు మీద చూసినా అతనే. ఉత్తరం ఇచ్చి ఊరుకుంటాడా? చదివి వినిపిస్తాడు. చదివి ఊరుకుంటాడా? జవాబు రాస్తాడు. రాసి ఊరుకుంటాడా? "ఇంగా రవ్వంత కారం ఎయ్యమంటావా?" అని అడుగుతాడు.

కారం మాట ఎక్కువగా అలివేలమ్మ దగ్గర వచ్చేది. ఆమెకు బజారు మలుపులో బొరుగుల అంగడి. చెల్లెలు రుక్మిణమ్మ పులివెందులలో ఉంటుంది. నలభై ఏళ్ల కిందట పుట్టింట్లో ఊరగాయ జాడీ ఎవరు పగలగొట్టారనే విషయం మీద అక్కచెల్లెళ్లిద్దరికీ ఇంకా తెగలేదు. ఇద్దరికీ చదువు రాదు. పులివెందుల నుంచి వారానికొక కార్డు వస్తుంది, ఇక్కణ్ణుంచి వారానికొక కార్డు పోతుంది. నూరుల్లా ఆ కార్డు చదివితే రుక్మిణమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని అంగట్లోకి వచ్చి నిలబడినట్టే ఉండేది. బొరుగులు కొనడానికొచ్చినవాళ్లు కొనడం మరిచిపోయి వినేవాళ్లు.

జగన్నాథం దీనిమీద ఐదేళ్లలో రాసిన మెమోలు బొత్తిగా కట్టి బీరువాలో పెట్టినాడు. 'బట్వాడా సమయంలో అరుగులపై కూర్చొనరాదు.' 'చిరునామాదారుల కుటుంబ వివాదములలో ఉద్యోగి పాల్గొనరాదు.' ప్రతి మెమోకూ నూరుల్లా వినయంగా సంజాయిషీ రాసిచ్చేవాడు. 'అయ్యా, రుక్మిణమ్మగారు ఈ పర్యాయం రెండు కార్డులు రాసినందున ఆలస్యమైనది.' ఆ సంజాయిషీలు చదివి జగన్నాథం పళ్లు నూరేవాడు. ఇంటికి పోయి మళ్లీ తలుచుకుని నవ్వుకునేవాడు గానీ, ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలీదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, చలి తగ్గి ఎండలు మొదలయ్యే రోజుల్లో, ఒక వింత జరిగింది. నూరుల్లా పదకొండున్నరకు తిరిగొచ్చినాడు.

జగన్నాథం మొదట గడియారం ఆగిపోయిందేమోనని లేచి పోయి చెవి ఆనించినాడు. ఆడుతూనే ఉంది. మరునాడు పదకొండుంపావుకే వచ్చినాడు. ఆ మరునాడూ అంతే. సంచి బోర్లించి, మిగిలిన ఉత్తరాలు లెక్క చెప్పి, మూల బల్ల మీద కూర్చునేవాడు. మాట లేదు, పలుకు లేదు. మూడు నెలలు తిరిగినా అదే వరస. అరుగు లేదు, ముచ్చట లేదు, రుక్మిణమ్మ లేదు.

జగన్నాథం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అయిదేళ్ల మెమోలు ఊరికే పోలేదు! కూర్చుని కడపలో ఉన్న సూపరింటెండెంటుగారికి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసినాడు. నిరంతర పర్యవేక్షణ వల్లా, ఓర్పుతో కూడిన క్రమశిక్షణ వల్లా ఒక ఉద్యోగిలో ఎంతటి మార్పు తీసుకురావచ్చునో అందులో వివరించినాడు. నూరుల్లాకు మెచ్చుకోలు పత్రం ఇప్పించమని చివర్లో ఒక వాక్యం. ముందున్న రెండు పేజీలూ పర్యవేక్షణ గురించే.

ఆ ఉత్తరం టపాలో పడిన నాలుగో దినం అలివేలమ్మ పోస్టాఫీసుకు వచ్చింది. కొంగు నిండా బొరుగుల పొట్టు. కౌంటరు కడ్డీలు రెండు చేతులతో పట్టుకుంది.

"పోస్టుమాస్టరప్పా, ఆ నూరుల్లాను ఏం జేస్తివి?"

"నేనేం చేశానమ్మా? ఉత్తరాలు ఇవ్వడం లేదా?"

"ఇస్తాండాడు. దినామూ ఒకే యాళకు ఇస్తాండాడు. ఆ పొద్దు చూసి పొయ్యి మీద ఎసరు పెట్టుకుంటాండా. అదిగాదు నేనడిగేది. మనిషి యాడికి పోయినాడు?"

"రోజూ వస్తున్నాడన్నావు కదా?"

"ఉత్తరం వస్తాంది. మనిషి రాలా." అలివేలమ్మ గొంతు తగ్గించింది. "నిన్న మా చెల్లెలు కార్డు రాసింది. నన్ను దొంగముండా అనింది. ఆ మాట గూడా బియ్యం ధర చెప్పినట్టు సప్పగా చదివినాడప్పా! నాకు రోషం రాలా, ఏడుపొచ్చె. జవాబు ఏం రాద్దామబ్బీ అంటే, 'నీ ఇష్టం అవ్వా' అన్నాడు. నూరుల్లా ఆ మాట అనడమేంది? నా ఇష్టమెప్పుడు జరిగింది ఆ కార్డుల్లో?"

"చూడమ్మా, అతను ఇప్పుడు రూలు ప్రకారం నడుచుకుంటున్నాడు..."

"రూలు పాడుగాను. ఆ పిల్లోడి మొగం ఎప్పుడన్నా చూసినావా నువ్వు?"

అట్లా అడిగేసి ఆమె వెళ్లిపోయింది. జగన్నాథానికి కోపమొచ్చింది. తన ఉద్యోగి మొగం తాను చూడకుండా ఉంటాడా? చూసే ఉంటాడు. ఎట్లా ఉందో గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించినాడు. గుర్తు రాలేదు. నూరుల్లా లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆయన చూసింది గడియారాన్ని.

మరునాడు చూసినాడు. చూస్తే అక్కడ ఎప్పటి నూరుల్లా లేడు. దవడలు లోపలికి పోయినాయి. మాసిన గడ్డం. చొక్కాకు పైబొత్తాం కింది కాజాలో ఉంది. గఫూర్ తెచ్చిన టీ పక్కన పెట్టుకున్నాడు, దాని మీద మీగడ కట్టింది. చేతిలో ఒక కవరు పట్టుకుని దాని మీది చిరునామా వైపు చూస్తూ కూర్చున్నాడు. అది ఎక్కడో తెలియని చిరునామా కాదు, మూడో వీధిలో కంసాలి ఇల్లు. నూరుల్లా కళ్లు మూసుకుని పోగలిగిన ఇల్లు.

"గఫూర్, ఇతనికి ఒంట్లో బాగలేదా?" అని చెవిలో అడిగినాడు జగన్నాథం.

"ఒంట్లో ఏం లేదు సార్," అన్నాడు గఫూర్. "మూడు నెలలైంది ఇట్లే. మీరు శానా సంతోషంగా ఉంటిరి, ఎందుకులే చెప్పడం అని చెప్పలా."

ఆ మాట జగన్నాథానికి ఎక్కడో గుచ్చుకుంది.

ఆ రోజు నూరుల్లా సంచి ఇచ్చేసి, భోజనానికని బయటికి పోతే, జగన్నాథం సైకిలు తీసుకుని వెనకాలే బయలుదేరినాడు. తనిఖీ అని తనకు తాను చెప్పుకున్నాడు. నూరుల్లా ఇంటి వైపు తిరగలేదు. నేరుగా పెన్న వైపు నడిచినాడు. గట్టు దిగి ఏట్లోకి పోతున్నాడు.

జగన్నాథం సైకిలు ఒక పక్క పడేసి, "నూరుల్లా! ఆగు! ఆగవయ్యా!" అని కేకలు పెడుతూ పరిగెత్తినాడు. చెప్పులు ఇసకలో కూరుకుపోతే వదిలేసి పరిగెత్తినాడు. పది అడుగులు పోయేసరికి అరికాళ్లు కాలి ఎగరడం మొదలుపెట్టినాడు. అప్పుడు గానీ తట్టలేదు, ఎండాకాలం పెన్నలో ఇసక తప్ప మునగడానికి చెంబెడు నీళ్లు లేవని.

నూరుల్లా వెనక్కి వచ్చి చెప్పులు ఏరి తెచ్చి ఆయన ముందు పెట్టినాడు. "ఏంది సార్, టెలిగ్రాం వచ్చిందా?"

"నువ్వేం చేస్తున్నావు ఇక్కడ?"

"కూచుంటాండా సార్. ఇంట్లో అయితే నా పెండ్లాం షరీఫా అడుగుతాది, ఏమైంది, ఏమైంది అని. ఈడ ఎవరూ అడగరు."

ఇద్దరూ తుమ్మచెట్టు నీడకు పోయి కూర్చున్నారు. జగన్నాథం అడగకూడదని తెలిసీ అడిగినాడు. "ఏమైంది నూరుల్లా?"

"ఏం కాలా సార్. అదే గదా తమాషా." నూరుల్లా ఇసక గుప్పిట్లోకి తీసుకుని వదిలినాడు. "పిల్లోళ్లు బాగుండారు. షరీఫా బంగారం. ఎవురూ సావలా, ఎవురూ తిట్టలా. మీరు గూడా తిట్టడం మానేస్తిరి. అయినా పొద్దున్నే లేస్తే నిద్రలేసినట్టుండదు. చొక్కా తొడుక్కోవాలంటే గండికోట ఎక్కినంత ఆయాసం. ఉత్తరాలు చదువుతాండా. పెండ్లి అని రాసినా, సావు అని రాసినా ఒకే మాదిరి ఉండాయి. ఎవుడో అద్దం అవతల నుంచి మాట్లాడినట్టుంటాది. సంచి ఉంది గాబట్టి లేస్తాండా. ఇయ్యకపోతే జనం ఎదురుచూస్తారని పోతాండా. ఆదివారం వస్తే భయమైతాది సార్. ఆ దినం ఎందుకు లేవల్ల?"

జగన్నాథానికి రూల్సు పుస్తకం మొత్తం కంఠతా వచ్చు. ఈ ప్రశ్నకు జవాబు అందులో ఎక్కడా లేదు. అలవాటు కొద్దీ నోటికొచ్చింది చెప్పినాడు. మగాడివి, ధైర్యంగా ఉండాలన్నాడు. ఉద్యోగముంది, పిల్లలున్నారు, నీకేం తక్కువ అన్నాడు. నీకన్నా కష్టంలో ఉన్నవాళ్లు ఎంతమంది లేరన్నాడు. నూరుల్లా అన్నిటికీ "అవును సార్, అవును సార్" అని తలూపినాడు. ఒక్కో 'అవును'కూ ఇంకాస్త కిందికి దిగిపోతున్నట్టు జగన్నాథానికి కనబడింది. చూస్తూ చూస్తూ ఇంకో రెండు హితవులు చెప్పి, అప్పటికి ఆపినాడు.

సంగతి తెలిసేసరికి పేటంతా వైద్యానికి దిగింది. ఒకరు తాయెత్తు కట్టించినారు. ఇంకొకరు పైత్యం అన్నారు, వేడి అన్నారు, శొంఠి కషాయం తాగించినారు. కంసాలి అయితే ఒక మందు ఉందనీ, అది బాటిల్లో వస్తుందనీ, ఎవరికీ చెప్పొద్దనీ అన్నాడు. గఫూర్ అతనికి అడ్డం పడినాడు. నూరుల్లా అన్నీ ఓపిగ్గా మింగినాడు, కట్టించుకున్నాడు. తనకోసమని కాదు, వాళ్లు నొచ్చుకుంటారని.

జగన్నాథం తన వంతుగా పెద్ద మనసు చేసుకున్నాడు. నెలరోజులు సెలవు ఇచ్చినాడు. నూరుల్లా అడగలేదు. దరఖాస్తు కూడా జగన్నాథమే రాసి సంతకం పెట్టించినాడు. "ఇంట్లో హాయిగా పడుకో. ఒక్క ఉత్తరం ముట్టుకోవద్దు," అని సంచి తన బల్లకింద పెట్టుకున్నాడు. ఇంతమంచి పోస్టుమాస్టరు ఎక్కడా ఉండడని ఆ పూట ఆయనకు గట్టిగా అనిపించింది.

ఎనిమిదో దినం పొద్దున నూరుల్లా భార్య షరీఫా వచ్చింది. కౌంటరు దగ్గర కాదు, పక్క తలుపు దగ్గర నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"సార్, మీ సెలవు మీరు తీసుకోండి."

"ఏమ్మా, బాగలేదా?"

"సంచి ఉన్నన్నాళ్లూ లేచినాడు సార్. ఇప్పుడు లేస్తాలేడు. గోడ తట్టు తిరిగి పండుకుంటాండాడు. అన్నం పెడితే ఆకలి లేదంటాడు. నిన్న పొద్దున చిన్నోడు పోయి అబ్బాజాన్ అని పిలిస్తే, ఎవరో అన్నట్టు చూసినాడు. మీరు మంచికే ఇచ్చినారు. నాకు తెలుసు. కానీ మా ఆయన్ను లేపే పని ఒకటే ఉండె, అది మీరు బల్లకింద పెట్టుకుంటిరి."

జగన్నాథం బల్లకింద చూసినాడు. సంచి అక్కడే ఉంది. "జమ్మలమడుగు బస్సు ఎన్నింటికి?" అని గఫూర్‌ను అడిగినాడు.

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో సుశీల అని ఒక డాక్టరమ్మ ఉందనీ, ఆమె మాటలు ఎక్కువ మందులు తక్కువ అనీ ఆయన విని ఉన్నాడు. ఆ ఎక్కువ మాటలు ఇప్పుడు పనికొస్తాయేమో అనిపించింది. పెద్ద పోస్టాఫీసు నుంచి ఒక గుమాస్తాను పిలిపించి ఆఫీసు అప్పజెప్పి, నూరుల్లాను, షరీఫాను వెంటబెట్టుకుని బస్సెక్కినాడు. అయిదేళ్లలో ఆయన పనిదినం ఆఫీసు వదిలి పోవడం అదే మొదలు.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. ముందు గుండె చూసింది, కళ్లరెప్పలు లాగి చూసింది, రక్తం తీయించింది. క్షయ లేదు, కామెర్లు లేవు అని తేల్చుకుంది. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని అడగడం మొదలుపెట్టింది. నిద్ర ఎన్ని గంటలు? తెల్లవారుజామునే మెలకువ వస్తుందా? ఇష్టమైన కూర ఏది, దాని మీద ఇప్పుడు మనసు పోతుందా? నూరుల్లా ఒక్కొక్క మాటా చెబుతుంటే తొందర పెట్టకుండా విన్నది. ఒకచోట అతను చాలాసేపు ఆగిపోతే ఆమె కూడా ఆగిపోయింది. మధ్యలో అందించబోయిన జగన్నాథాన్ని ఒక్క చూపు చూసింది.

చివరికి మామూలుగా, తలనొప్పి ఉందా అన్నట్టు అడిగింది. "చచ్చిపోతే బాగుండునని అనిపిస్తాందా?"

జగన్నాథం కుర్చీలోంచి సగం లేచినాడు. ఇట్లాంటి మాట నోటితో అంటారా ఎవరన్నా? లేని ఆలోచన పుట్టించినట్టు కాదూ? షరీఫా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూరుల్లా మాత్రం డాక్టరమ్మ వైపు తిరిగి, ఇన్ని నెలల్లో మొదటిసారి ఒక మనిషిని నేరుగా చూసినాడు.

"అనిపిస్తాది డాక్టరమ్మా. ఏదో చేసుకోవాలని గాదు. తెల్లారకుంటే మేలని. ఎవురూ అడగలా. అడిగింటే చెప్పేవాణ్ణి." అని ఏడ్చినాడు. చాలాసేపు ఏడ్చినాడు. డాక్టరమ్మ ఏడవనిచ్చింది.

తర్వాత చెప్పింది. "ఇది జబ్బప్పా. దిగులు జబ్బు. మలేరియా ఎట్లా జబ్బో ఇదీ అట్లే. నీ తప్పు లేదు, మీ ఆవిడ తప్పు లేదు, దెయ్యం లేదు. కారణం ఉండల్లని గూడా లేదు. తగ్గుతాది. తొందరగా తగ్గదు. ఎప్పుడన్నా ఏదన్నా చేసుకోవాలని అనిపిస్తే, ఆ నిమిషమే మీ ఆవిడకు చెప్పు, ఆమె నిన్ను ఇక్కడికి తెస్తాది. రాత్రయినా సరే, నా తలుపు కొట్టండి."

జగన్నాథం జేబులోంచి కాగితం తీసినాడు. "మేము చెయ్యవలసినవి చెప్పండి మేడమ్, నంబర్లు వేసుకుంటాను."

"నంబర్లేం వద్దు. మొదటిది, ధైర్యం చెప్పడం మానుకోండి."

జగన్నాథం కలం ఆగింది.

"కాలు విరిగినోడికి పరిగెత్తమని చెప్పినట్టుంటాది అది. సెలవని ఇంట్లో కూచోబెట్టొద్దు, మొత్తం పని నెత్తిన పెట్టొద్దు. రవ్వంత పని, మనిషి తోడు. పొద్దున ఎండలో నడవల్ల. వేళకు తినల్ల. ఒంటరిగా ఎక్కువసేపు వదలొద్దు. పక్కన ఉండండి చాలు, మాట్లాడకపోయినా ఫరవాలేదు. మీకు మాట్లాడకుండా ఉండడం వస్తుందా?"

షరీఫా కొంగు వెనకాల నవ్వింది. ఆ నవ్వు విని నూరుల్లా ఆమె వైపు చూసినాడు. జగన్నాథం "ప్రయత్నిస్తాను" అని రాసుకున్నాడు, నిజంగానే కాగితం మీద రాసుకున్నాడు.

చిక్కు ఆఫీసు కాగితాల దగ్గర వచ్చింది. అతని బీటు, అంటే ఉత్తరాలు పంచే వీధులు, సగానికి తగ్గించాలంటే పైవాళ్లకు కారణం చూపాలి. డాక్టరమ్మ సర్టిఫికెట్టులో ఉన్నది ఉన్నట్టు రాసింది. కడప నుంచి ఎర్రసిరాతో ప్రశ్న వచ్చింది. 'కొద్ది వారాల క్రితం మీరే మెచ్చుకోలుకు సిఫారసు చేసిన ఉద్యోగికి ఇప్పుడు మనోవ్యాధి అంటున్నారు. ఏది నిజం?'

జగన్నాథం ఆ కాగితం ముందు ఒక పూటంతా కూర్చున్నాడు. నాలుగు చిత్తుప్రతులు చించినాడు. అయిదోది పంపినాడు. అది ఆయన సర్వీసులోకెల్లా పొట్టి ఉత్తరం. 'అయ్యా, రెండూ నిజమే. జబ్బును నేను క్రమశిక్షణ అనుకొంటిని. పొరపాటు నాది. సిఫారసును ఉపసంహరించుకొంటున్నాను, ఉద్యోగిని కాదు.' కడప నుంచి నెల దాకా జవాబు రాలేదు. వచ్చినప్పుడు ఒక్కటే మాట ఉంది, 'సరే' అని.

జవాబు కోసం ఆయన ఆగలేదు. మరుసటి వారం నుంచే పని మొదలుపెట్టినాడు. రెండు బీట్లూ కలిపి, గఫూర్, నూరుల్లా ఇద్దరూ ఒకటిగా పొయ్యేటట్టు చేసినాడు. గఫూర్ మోకాళ్లకు కూడా ఇది మంచిదయింది. బరువు నూరుల్లా మోస్తాడు, తలుపులు గఫూర్ కొడతాడు. దారంతా గఫూర్ తన మోకాళ్ల గురించి చెబుతాడు, జవాబు అడగడు. ఇద్దరూ కలిసి ఒకరు పోయినదానికన్నా లేటుగా వచ్చేవాళ్లు. గడియారం వైపు చూడకుండా ఉండడానికి జగన్నాథం తన కుర్చీని అటు వీపు పెట్టి వేసుకున్నాడు. అయినా మెడ తిరిగేది. తిప్పుకునేవాడు.

ఆదివారాలు ఆయన తన మీద వేసుకున్నాడు. మొదటి ఆదివారం నూరుల్లా ఇంటికి పోయి, "ఆఫీసులో తూకం సరిగ్గా లేదు, తుడవాలి, రా," అన్నాడు. ఇద్దరూ ఆఫీసు తెరుచుకుని తక్కెడ తుడిచినారు. రెండో ఆదివారం సీళ్లు తుడిచినారు. మూడో ఆదివారానికి ఆఫీసులో తుడవడానికి ఏమీ మిగల్లేదు. జగన్నాథం బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నూరుల్లా ఎదురుగా కూర్చున్నాడు. గంట గడిచింది. మాట్లాడకుండా కూర్చోవడం అంత కష్టమైన పని జగన్నాథం ఎన్నడూ చెయ్యలేదు. ఇరవై హితవులు గొంతు దాకా వచ్చి తిరిగిపోయినాయి.

"సార్," అన్నాడు నూరుల్లా చివరికి. "మీకు శానా కష్టంగా ఉండాది గదా?"

"శానా," అన్నాడు జగన్నాథం. జన్మలో మొదటిసారి ఆయన నోట ఆ యాస వచ్చింది.

నూరుల్లా పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వని చెప్పడానికి లేదు.

అలివేలమ్మ పద్ధతి వేరే. రోజూ గఫూర్, నూరుల్లా అంగడి ముందుకు రాగానే, కార్డు ఉన్నా లేకున్నా, ఇద్దరి ముందూ బొరుగులతో చేసిన ఉగ్గాని పెట్టేది. తినేదాకా దారి ఇచ్చేది కాదు. "ఆకలి లేదవ్వా," అంటే, "ఆకలి సంగతి నేనడగలా. నమలమంటాండా," అనేది. చెల్లెలి కార్డు చప్పగా చదివినా ఊరుకునేది. ఒకసారి మాత్రం గఫూర్ చదవబోయి 'దొంగ' అన్న మాటను 'దొర' అని చదివినాడు. అలివేలమ్మ ఉబ్బిపోయి చెల్లెలికి ఎదురు చీర పంపుతానంటే నూరుల్లా కార్డు లాక్కుని, "దొర గాదవ్వా, దొంగ. మీ చెల్లెలు మారలా," అన్నాడు. అది విని ఆమెకు వచ్చిన సంతోషం అంతా ఇంతా కాదు. గఫూర్‌కు మాత్రం తాను తప్పు చదివినట్టు ఇప్పటికీ ఒప్పుకోలు లేదు.

అట్లాగని ఆ దినంతో అంతా బాగైపోలేదు. ఒక వారం బాగుంటే రెండు వారాలు మళ్లీ గోడ వైపే. వానలు పడే రోజుల్లో మూడు దినాలు రాలేదు. జగన్నాథం, షరీఫా అతన్ని మళ్లీ జమ్మలమడుగు తీసుకుపోయినారు. డాక్టరమ్మ ఇంకా రెండుసార్లు తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నిద్రకు ఏదో ద్రావకం ఇచ్చింది. ఇట్లా ఎక్కుతూ దిగుతూ, పెన్నకు నీళ్లొచ్చి పోయేసరికి, నూరుల్లా మొగంలో చెంపలు మళ్లీ కనబడినాయి. ఒకనాడు బీటు అయ్యాక గఫూర్ ఒక్కడే తిరిగొచ్చి, "నన్ను పొమ్మన్నాడు సార్. కంసాలి అరుగు మీద కూచున్నాడు. లేస్తాలేడు," అని ఫిర్యాదు చేసినాడు. జగన్నాథం కలానికి మూత పెట్టి, ఆ పూట మళ్లీ తియ్యలేదు.

పైయేడు మాఘమాసంలో ఒక పొద్దున, ఉత్తరాలు ఏర్చడం అయినాక, నూరుల్లా జగన్నాథం బల్ల దగ్గరికి వచ్చి నిలబడినాడు. చొక్కా బొత్తాలు సరిగ్గానే ఉన్నాయి. గడ్డం గీసుకున్నాడు. పైకి ఏమీ తెలీదు.

"సార్, మళ్లా వచ్చినట్టుంది."

జగన్నాథం మొగమెత్తి చూసినాడు. "ఎన్ని దినాలైంది?"

"నాలుగు. మొన్నటి నుంచి ఉత్తరాలన్నీ ఒకే మాదిరి కనబడతాండాయి. షరీఫాకు రాత్రి చెప్తి. మీకు గూడా చెప్పమనింది."

"దానితోపాటు, తెల్లారకుంటే మేలనే ఆ ఆలోచన..."

"అది రాలా సార్. వస్తే మొదలు అదే చెప్తా."

జగన్నాథం తల ఊపినాడు. ధైర్యం అనే మాట నాలుక చివరికి వచ్చింది గానీ, దాన్ని లోపలికి నెట్టేసినాడు. పక్క గదిలోకి తొంగిచూసి, "గఫూర్, ఈ పూట బీటు నువ్వు చూసుకో. మెల్లగా పో, లేటయినా ఫరవాలేదు," అన్నాడు. పెద్దాఫీసు గుమాస్తాకు కబురు పంపి, కొక్కేనికున్న కోటు తీసుకున్నాడు. దారిలో షరీఫాను కూడా వెంటబెట్టుకోవాలని, ముగ్గురికీ చోటు దొరకాలంటే తొందరగా పోవాలని అన్నాడు.

పది గంటల బస్సు కిక్కిరిసి ఉంది. షరీఫాకు ముందర ఆడవాళ్ల దగ్గర సీటు దొరికింది. వీళ్లిద్దరూ వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడినారు. ఊరు దాటి పత్తి చేల మధ్యకు వచ్చాక ఒక గతుకులో బస్సు ఎగిరి పడింది. జగన్నాథం తూలి, పక్కన నిలబడిన రైతు గంపలో చెయ్యి పెట్టినాడు. లోపలి కోడి గట్టిగా పొడిచింది. ఆయన "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. నూరుల్లా తన కండువా చెంగు చించి ఆ వేలికి కట్టు కట్టినాడు.

"డాక్టరమ్మకు ముందు మీ వేలు చూపిద్దాం సార్," అన్నాడు. "నాది నిదానంగా చూసేది గదా."

"నోరు మూసుకో," అన్నాడు జగన్నాథం. బస్సు జమ్మలమడుగు వైపు పోతానే ఉంది.